రేపటి పాఠానికి ఐడియా కావాలా? సబ్జెక్టు వారీగా లెసన్ ప్లాన్ సైట్ల సమీక్ష

లెసన్ ప్లాన్ కోసం నెట్‌లో వెతికితే దొరకనిది ఉండదు. దొరికినవాటిలో ఎక్కువ భాగం మాత్రం ఒకే అచ్చులో పోసినట్టు ఉంటాయి: లక్ష్యాలు, కావలసిన వస్తువులు, పరిచయం, బోధన, మూల్యాంకనం, ఇంటిపని. గడులన్నీ నిండే ఉంటాయి. ఆ పాఠంలో పిల్లలు ఎక్కడ తడబడతారో, ఏ తప్పు జవాబు చెబుతారో, అప్పుడు టీచర్ ఏం అడగాలో మాత్రం ఒక్క ముక్క ఉండదు. తరగతి గదిలో పాఠం ఆగిపోయేది సరిగ్గా అక్కడే కాబట్టి, ఈ సమీక్షలో ప్రతి సైటునూ ముందుగా ఆ ఒక్క ప్రశ్నతోనే కొలిచాం: తప్పు జవాబుల గురించి ఈ ప్లాన్‌కి ఏమైనా తెలుసా?

ఇది ఎంత ముఖ్యమో దశాంశాలు చూస్తే అర్థమవుతుంది. 0.45 పెద్దదా 0.8 పెద్దదా అంటే, 8 కంటే 45 పెద్దది కాబట్టి 0.45 అనే పిల్లలు చాలామంది ఉంటారు. దొరికే వర్క్‌షీట్లలో ఎక్కువ వాటిలో 0.7, 0.3 అనో, 0.52, 0.48 అనో జతలు ఉంటాయి. బిందువు తర్వాత అంకెలు రెండు వైపులా సమానం. అలాంటి షీటులో ఈ తప్పు ఆలోచన ఉన్న పిల్లవాడికి కూడా అన్నీ ఒప్పే వస్తాయి, టీచర్‌కి ఏమీ తెలియదు. అదే షీటులో 0.45, 0.8 ఒక జత, 0.62, 0.3 ఇంకో జత పెడితే తరగతి మూడుగా విడిపోతుంది. రెండూ సరిగ్గా చేసినవాళ్లు ఒకవైపు. మొదటిది తప్పి రెండోది ఒప్పైతే, అంకెలు ఎక్కువుంటే సంఖ్య పెద్దదనుకుంటున్నారు. మొదటిది ఒప్పై రెండోది తప్పితే, అంకెలు తక్కువున్నదే పెద్దదనుకుంటున్నారు. పదో వంతు నూరో వంతు కంటే పెద్దదన్న మాటను పట్టుకుని మొత్తం సంఖ్యకే అంటగట్టేశారన్నమాట. ఇరవై జతలున్న రంగురంగుల షీటు చేయలేని పని రెండు జతలు చేస్తాయి. మంచి సైటు ఇలాంటి జతలను ఎంచి ఇస్తుంది, ఎందుకు ఎంచిందో కూడా చెబుతుంది.

సైన్సుకి: ఫెట్

అమెరికాలోని కొలరాడో విశ్వవిద్యాలయం బౌల్డర్ నుంచి వస్తున్న ఫెట్ సిమ్యులేషన్లు, అంటే తెర మీదే చేసి చూసే ప్రయోగాలు, 2002లో మొదలయ్యాయి. మొదలుపెట్టిన కార్ల్ వైమన్ అంతకు ముందు ఏడాదే భౌతికశాస్త్రంలో నోబెల్ బహుమతి అందుకున్న శాస్త్రవేత్త. సిమ్యులేషన్లు ఉచితం, బ్రౌజర్లోనే నడుస్తాయి, డౌన్‌లోడ్ చేసుకుంటే నెట్ లేని గదిలోనూ పనిచేస్తాయి. భౌతికశాస్త్రంతో పాటు రసాయనం, గణితం, జీవశాస్త్రం, భూశాస్త్రం ఉన్నాయి. ఒక్క సైటే తెరిచే వీలుంటే సైన్సు టీచర్ తెరవాల్సింది ఇదే.

విద్యుత్ వలయాల సిమ్యులేషన్‌నే తీసుకుందాం. బ్యాటరీ 9 వోల్టులతో, బల్బు 10 ఓమ్‌ల నిరోధంతో వస్తాయి. ఒక బల్బు కలిపితే విద్యుత్ ప్రవాహం 0.90 ఆంపియర్లు. రెండు బల్బులు వరసగా, అంటే శ్రేణిలో కలిపితే 0.45. అవే రెండు సమాంతరంగా కలిపితే ఒక్కోదాంట్లో 0.90, బ్యాటరీ దగ్గర 1.80. అంకెలు ఇంత శుభ్రంగా రావడం వల్ల పిల్లలు లెక్కలో చిక్కుకోకుండా అసలు విషయం మీద నిలబడతారు. ఆ అసలు విషయం ఏమిటంటే, బల్బు కొంత విద్యుత్తును 'తినేస్తుంది', అవతల వైపు తక్కువ వస్తుంది అని చాలామంది అనుకుంటారు. అందుకని అమ్మీటర్ పెట్టే ముందే ప్రతి ఒక్కరిచేతా నోటుబుక్కులో రాయించాలి: బల్బుకి ముందు 0.90 ఉంటే, బల్బు దాటాక ఎంత? రాశాకే కొలవాలి. రెండు వైపులా 0.90 కనబడగానే గదిలో వాదన మొదలవుతుంది, పాఠం దాని మీదే నడుస్తుంది. ముందు రాయించకపోతే అందరూ "మాకు ముందే తెలుసు" అంటారు, ఎవరి ఆలోచనా మారదు.

ఇక్కడ రెండు చోట్ల జాగ్రత్త పడాలి. మొదటిది, సిమ్యులేషన్ ఇవ్వగానే పిల్లలు వైరును బ్యాటరీ రెండు కొసలకీ నేరుగా తగిలిస్తారు. తెర మీద మంట వస్తుంది, అందరూ అదే చేస్తారు. దాన్ని ఆపబోతే మొత్తం పీరియడ్ దాంతోనే పోతుంది. ఫెట్ వాళ్లే తమ సూచనల్లో మొదటి 5 నుంచి 10 నిమిషాలు పిల్లల ఇష్టానికి వదిలేయమంటారు. ఆ తర్వాతే షీటు ఇవ్వాలి. రెండోది ఇంకా ముఖ్యం. సిమ్యులేషన్లోని బ్యాటరీకి, మనం మార్చకపోతే, అంతర్నిరోధం, అంటే బ్యాటరీ లోపలే ఉండే నిరోధం, సున్నా. అందుకే సమాంతరంగా ఎన్ని బల్బులు చేర్చినా అన్నీ ఒకే వెలుగుతో ఉంటాయి. నిజం సెల్లుతో మూడో బల్బు, నాలుగో బల్బు చేర్చేసరికి అన్నీ కాస్త మసకబారతాయి. ముందుగా చెప్పకపోతే పిల్లలు "మా ప్రయోగం తప్పిపోయింది" అనుకుంటారు. తప్పింది ప్రయోగం కాదు, బ్యాటరీలో అంతర్నిరోధం ఉందంతే. పై తరగతి పిల్లలకైతే ఇదే మర్నాటి పాఠం.

ఫెట్‌లో సిమ్యులేషన్ల నాణ్యత ఒక ఎత్తు, వాటి కింద టీచర్లు పంపిన కార్యకలాపాల నాణ్యత ఇంకో ఎత్తు. రెండోదానిలో హెచ్చుతగ్గులు బాగా ఉంటాయి. ఫెట్ బోధనా సూచనలకు తగ్గట్టు ఉన్నవాటి పక్కన బంగారు నక్షత్రం గుర్తు ఉంటుంది, ముందు వాటినే చూడండి. "ఈ బటన్ నొక్కు, ఆ అంకె రాయి, ఇప్పుడు ఇది లాగు" అని ఇరవై ఐదు మెట్లు రాసిన షీటులైతే వదిలేయండి, వాటిలో పిల్లలు ఆలోచించేది ఏమీ ఉండదు. పాత షీట్లలో ఇంకో చిక్కుంది. బ్రౌజర్లో సిమ్యులేషన్లను నడిపిన పాత సాంకేతికతలైన ఫ్లాష్, జావా రోజుల నాటివి అవి. 2020 చివర్లో ఫ్లాష్ ఆగిపోయింది. సిమ్యులేషన్లు కొత్తగా తయారయ్యాయి, బటన్లు చోటు మారాయి. షీటులోని బొమ్మ తెర మీది బొమ్మతో కలుస్తుందో లేదో ముందు రోజే చూసుకోవాలి.

కంప్యూటర్లు లేని గదికి అమెరికన్ కెమికల్ సొసైటీ వారి మిడిల్ స్కూల్ కెమిస్ట్రీ మంచి సైటు. పదార్థ స్థితులు, సాంద్రత, కరగడం, రసాయన మార్పు వంటి అంశాల మీద పాఠం పాఠానికీ టీచర్ గైడు, పిల్లల షీటు, జాగ్రత్తలు అన్నీ ఉచితం. వేడి నీళ్లలో, చన్నీళ్లలో ఒక్కో రంగు చుక్క వేసి అణువుల కదలిక గురించి మాట్లాడించే పాఠం అందరికీ తెలిసిందే. అది పాడయ్యేది మాత్రం చిన్న చిన్న కారణాల వల్ల: నీళ్లు పోసిన వెంటనే చుక్క వేయడం, ఒక చుక్క పైనుంచీ ఒకటి దగ్గర నుంచీ వదలడం, బల్లకు చేయి తగలడం. నీళ్లు పోశాక కదలిక పూర్తిగా ఆగేదాకా, కనీసం ఒక నిమిషం ఆగి, రెండు చుక్కలూ ఒకేసారి నీటి పైభాగానికి ఆనించి వదలాలి. ఇద్దరు పిల్లలు ఒక్కో గ్లాసు దగ్గర ఉండి ఒకే లెక్కకు వదిలితే సరిపోతుంది.

జీవశాస్త్రానికి హెచ్‌హెచ్‌ఎంఐ బయోఇంటరాక్టివ్‌లో నిజమైన పరిశోధనల సమాచారంతో కట్టిన పాఠాలున్నాయి, టీచర్ గైడులో జవాబులూ ఉంటాయి. హైస్కూలు పైతరగతులకూ కాలేజీకీ తగినవి. చిన్న తరగతులకు దించబోతే సగం పీరియడ్ పదాల అర్థాలకే పోతుంది. ఏదైనా కట్టి చూపించే ప్రాజెక్టు కావాలంటే టీచ్‌ఇంజనీరింగ్‌లో ప్రతి కార్యకలాపానికీ పట్టే సమయం, గ్రూపుకి ఎంతమంది, గ్రూపుకి ఎంత ఖర్చు అన్నీ పైనే రాసి ఉంటాయి. ఇది చిన్న విషయంలా కనిపించినా, వస్తువుల జాబితా చివరి పేజీలో దాచిపెట్టే సైట్లతో పోలిస్తే ఎంతో మేలు.

గణితానికి: ఎన్‌రిచ్

కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయం వారి ఎన్‌రిచ్ 1996 నుంచి ఉంది. పైకి చూస్తే లెక్కల సైటు, లోపలికి వెళితే ఈ సమీక్షలో ఉన్న అన్నింటికంటే మంచి టీచర్ నోట్సు ఇక్కడే ఉన్నాయి. ప్రతి సమస్యకూ టీచర్ పేజీలో ఈ సమస్య ఎందుకు ఇవ్వాలి, పాఠం ఎలా నడపొచ్చు, ఏ ప్రశ్నలు అడగాలి, వెనకబడ్డవాళ్లకు ఏ సాయం, ముందున్నవాళ్లకు ఏ పని అని విడివిడిగా రాసి ఉంటుంది. వేరే చోట పిల్లలు పంపిన పరిష్కారాలు ఉంటాయి. అవి తప్పకుండా చదవాలి, ఎందుకంటే పెద్దవాళ్లకు తట్టని దారులు అక్కడ కనిపిస్తాయి.

కారణాంకాలు, గుణిజాల ఆటను దగ్గర నుంచి చూద్దాం. 1 నుంచి 100 వరకు అంకెల పట్టిక, ఇద్దరు ఆటగాళ్లు. మొదటివారు 50 కంటే తక్కువైన ఒక సరి సంఖ్యను కొట్టేస్తారు. రెండోవారు దాని కారణాంకమో గుణిజమో ఏదైనా ఒకటి కొట్టేయాలి. తర్వాత మొదటివారు ఆ కొత్త సంఖ్య కారణాంకమో గుణిజమో. కొట్టేసిన సంఖ్యను మళ్లీ వాడకూడదు. కొట్టడానికి ఏదీ లేనివారు ఓడినట్టు. నియమాలు చెప్పడానికి రెండు నిమిషాలు చాలు, బోర్డు మీద టీచర్ ఒక ఆట ఆడి చూపిస్తే అంతకంటే తక్కువే.

మొదటి సంఖ్య 50 లోపు సరి సంఖ్యే ఎందుకు కావాలి? ఈ నియమాన్ని టీచర్ ముందుగా వివరించకూడదు. నియమం లేకపోతే ఏమవుతుందో పిల్లలే కనుక్కోవాలి. ఒకరు 97తో మొదలుపెట్టారనుకోండి. అది ప్రధాన సంఖ్య, దాని తర్వాతి గుణిజం 194 పట్టికలో లేదు, కాబట్టి ఎదుటివారికి మిగిలింది 1 ఒక్కటే. వారు 1 కొట్టగానే మొదటివారు 89 కొడతారు. 89 కారణాంకాలు 1, 89, రెండూ అయిపోయాయి. గుణిజం 178 పట్టికలో లేదు. ఆట మూడు ఎత్తుల్లో ముగిసింది. ఇది తెలిసిన పిల్లవాడికి ప్రధాన సంఖ్య నిర్వచనం వల్లెవేయించే పని లేదు, దానితో గెలుస్తున్నాడు మరి. 50 దాటిన ప్రధాన సంఖ్యలకు మాత్రమే ఈ బలం ఎందుకు ఉందన్న ప్రశ్న తర్వాత తనంతట తానే వస్తుంది. 47తో ప్రయత్నిస్తే 94 మిగిలి ఉంటుంది కదా.

ఈ పాఠం చెడేది ఒక్కచోట: గెలుపోటముల హడావిడిలో ఆట మీద ఆట ఆడుతూ పీరియడ్ గడిచిపోతుంది, ఆలోచన నిలవదు. అందుకని మూడు ఆటల తర్వాత ఆపి, ఇప్పుడు ఇద్దరూ కలిసి ఎంత పొడవైన గొలుసు కట్టగలరో చూడండి అనాలి. ఎన్‌రిచ్ పేజీలో ఈ మలుపూ ఉంది. పోటీ పోయి సహకారం వచ్చేసరికి నోళ్లు తెరుచుకుంటాయి, "పెద్ద ప్రధాన సంఖ్యలు గొలుసులో పట్టవు" వంటి మాటలు బయటికొస్తాయి. ఆ మాటలు బోర్డు మీద రాయాలి, ఎవరన్నారో పేరుతో సహా.

ఎన్‌రిచ్‌కి లోపం లేకపోలేదు. అక్కడి తరగతుల విభజన ఇంగ్లండు పద్ధతి, మన సిలబస్ యూనిట్ పేరుతో వెతికితే సూటిగా దొరకదు. అధ్యాయం పేరు కాకుండా గణిత భావన పేరుతో వెతకాలి. కొత్త భావనను మొదటిసారి నేర్పడానికి చాలా సమస్యలు తగవు, నేర్చుకున్నదాన్ని లోతు చేయడానికి తగినవి. మొదటి రోజే ఇచ్చేస్తే సగం తరగతి చేతులు కట్టుకు కూర్చుంటుంది.

జియోజీబ్రా 2001 నుంచి ఉన్న ఉచిత సాధనం. రేఖాగణితంలో బిందువును లాగితే ఏం మారుతుందో, ఏం మారదో చూపించడానికి దానికి సాటి లేదు. వాడకందార్లు పెట్టిన ఫైళ్లలో మాత్రం వడపోత చాలా అవసరం. శీర్షాలను లాగి చూడండి: త్రిభుజం కోణాల మొత్తం 180 అని చూపించే ఫైల్లో కోణాలను దగ్గరి పూర్ణాంకానికి సవరిస్తే మొత్తం 179 అనో 181 అనో కనిపిస్తుంది, వెనక బెంచీ నుంచి చెయ్యి లేస్తుంది. దశాంశ స్థానాలు పెంచుకోండి, లేదా ఆ 181 ఎందుకొచ్చిందో అడగడమే పాఠంగా మార్చుకోండి. డెస్మాస్ తరగతి కార్యకలాపాలు 2022లో యాంప్లిఫై అనే విద్యా సంస్థ చేతికి వెళ్లాయి, ఇప్పుడు యాంప్లిఫై క్లాస్‌రూమ్ పేరుతో ఉన్నాయి. పిల్లలందరి జవాబులూ టీచర్ తెర మీద ఒకేసారి కనబడటం గొప్ప సౌకర్యమే, కానీ పిల్లలకు పరికరాలు లేకపోతే అందులో పని జరగదు.

చరిత్రకు: చరిత్రకారుడిలా చదివించే పాఠాలు

స్టాన్‌ఫర్డ్‌లో శామ్ వైన్‌బర్గ్ మొదలుపెట్టిన చరిత్ర విద్యా బృందం ఇప్పుడు డిజిటల్ ఇంక్వైరీ గ్రూప్ అనే విడి సంస్థగా నడుస్తోంది. ఉచితంగా ఖాతా తెరిస్తే పాఠాలు దింపుకోవచ్చు. ప్రతి పాఠమూ ఒక ప్రశ్న చుట్టూ తిరుగుతుంది. అమెరికా స్వాతంత్ర్య యుద్ధం మొదలైన రోజు, 1775 ఏప్రిల్ 19న, లెక్సింగ్టన్‌లో తొలి తూటా పేల్చింది ఎవరు అన్నది అలాంటి ఒక ప్రశ్న. ఒకవైపు బ్రిటిష్ సైనికాధికారి డైరీ, ఇంకోవైపు అమెరికన్ పక్షం వారు ప్రమాణం చేసి ఇచ్చిన వాంగ్మూలం. రెండూ కలవవు. డైరీ ఎవరి కోసం రాసుకుంటారు, వాంగ్మూలం ఎవరి కోసం ఇస్తారు అని అడగడంతోనే పిల్లలు మూలాధారాన్ని ప్రశ్నించడం మొదలుపెడతారు.

పాఠాల్లో అమెరికా చరిత్రే ఎక్కువ, ప్రపంచ చరిత్ర తక్కువ. అందుకని ఇక్కడి నుంచి తెచ్చుకోవాల్సింది పత్రాలను కాదు, పాఠం కట్టే తీరును: తేలని ఒక ప్రశ్న, పరస్పరం విభేదించే రెండు మూడు ఆధారాలు, ఒక్కోటి అర పేజీ దాటకుండా. భాష కష్టంగా ఉంటే సులువు చేసి ఇవ్వడం ఈ పాఠాల పద్ధతే. సొంతంగా కట్టేటప్పుడు జరిగే పెద్ద పొరపాటు ఏమిటంటే, రెండు ఆధారాలూ ఒకే మాట చెప్పేవి ఎంచుకోవడం. అప్పుడది పఠనావగాహన అవుతుంది, చరిత్ర కాదు. మొదలుపెట్టడానికి భోజనాల గదిలో కొట్లాట అనే పరిచయ పాఠం చాలు. ఎవరూ అబద్ధం చెప్పకపోయినా చూసినవాళ్ల కథనాలు ఎందుకు వేరవుతాయో పిల్లలు తమ సొంత అనుభవంతో చెబుతారు, పుస్తకం తెరవనక్కర్లేదు.

భాషలకు

ఇక్కడ పరిస్థితి మిగతా సబ్జెక్టులంత బాగా లేదు. అమెరికాలోని ఇంగ్లిషు టీచర్ల జాతీయ మండలి వారి రీడ్‌రైట్‌థింక్ పాఠాలు వివరంగా ఉంటాయి, కానీ ఒక్కో పాఠానికి నాలుగైదు పీరియడ్లు అడిగేవి చాలా ఉన్నాయి. మొత్తం తీసుకోకుండా అందులోని ఒక్క సెషన్‌ను విడదీసి వాడుకోవడం మేలు. ఎక్కువగా పనికొచ్చేవి ఆలోచనను పేర్చుకునే పటాలు, రచనను దిద్దుకునే ప్రశ్నల పట్టికలు.

తెలుగు చెప్పేవారికి స్టోరీవీవర్ అమూల్యం. ప్రథమ్ బుక్స్ 2015లో మొదలుపెట్టిన ఈ వేదికలో బొమ్మల కథలు ఎన్నో భాషల్లో, నాలుగు పఠన స్థాయిల్లో ఉన్నాయి. చదవొచ్చు, ముద్రించుకోవచ్చు, మార్చి కొత్త కథగా పెట్టొచ్చు. ఇది లెసన్ ప్లాన్ కాదు, ముడిసరుకు. ఒక కథలోని ఆరు బొమ్మలను మాటలు లేకుండా చూపించి, గ్రూపుకి రెండు బొమ్మలు ఇచ్చి వాక్యాలు రాయించి, వరసగా చదివించి, చివర అసలు కథ చదివితే ఒక పీరియడ్ నిండుగా నడుస్తుంది. పాఠకులు అనువదించి పెట్టిన కథలూ ఉంటాయి కాబట్టి, ముందు రోజు ఒకసారి పైకి చదివి చూడాలి. కళ్లతో చదివితే దాటిపోయే అతుకుల వాక్యం పైకి చదివితే నాలుకకు తగులుతుంది.

కంప్యూటర్లు, బొమ్మలు, తక్కినవి

సీఎస్ అన్‌ప్లగ్డ్ గురించి చెప్పకుండా ఉండలేం. న్యూజిలాండ్‌లోని కాంటర్‌బరీ విశ్వవిద్యాలయం నుంచి వస్తున్న ఈ పాఠాలకు కంప్యూటరే అక్కర్లేదు. తప్పును పట్టే కార్డుల ఆట చూడండి. ఒకవైపు తెలుపు, ఒకవైపు నలుపు ఉన్న కార్డులు 36 కావాలి. ఒక పిల్లవాడితో 25 కార్డులను ఐదు వరసల్లో, ఐదు నిలువుల్లో ఇష్టం వచ్చినట్టు పరిపించాలి. "ఇంకాస్త కష్టం చేద్దాం" అంటూ టీచర్ ఒక వరస, ఒక నిలువు చేరుస్తారు. ప్రతి వరసలోనూ ప్రతి నిలువులోనూ నల్ల కార్డులు సరి సంఖ్యలో ఉండేలా పేర్చడమే అందులోని గుట్టు. టీచర్ వెనక్కి తిరిగాక ఎవరైనా ఒక్క కార్డు తిప్పాలి. బేసి వచ్చిన వరస, బేసి వచ్చిన నిలువు కలిసేచోటే ఆ కార్డు.

మూల కార్డు దగ్గర టీచర్లు కంగారు పడతారు: దాన్ని వరసకు సరిచేస్తే నిలువుకు తప్పుతుందేమో అని. తప్పదు. మొత్తం నల్ల కార్డుల లెక్కను వరసల వైపు నుంచి చూసినా నిలువుల వైపు నుంచి చూసినా ఒకటే కాబట్టి రెండింటికీ ఒకే కార్డు సరిపోతుంది. రెండూ కలవకపోతే ముందెక్కడో లెక్క తప్పిందని అర్థం, అప్పుడే సరిదిద్దుకోవచ్చు. పిల్లలు అల్లరిగా రెండు కార్డులు తిప్పితే ఆట చెడిందనుకోకండి. ఒకే వరసలో రెండు తిప్పితే ఆ వరస మళ్లీ సరి అయిపోతుంది, నిలువులు రెండు మాత్రం బేసిగా తేలుతాయి. తప్పు జరిగిందని తెలుస్తుంది, ఎక్కడో తెలియదు. సమాచారం పంపడంలో తప్పును పసిగట్టడం వేరు, సరిదిద్దడం వేరు అన్న పాఠం అక్కడే ఉంది.

చిత్రకళ, సాంఘికం, సైన్సు, దేనికైనా అతికేది హార్వర్డ్‌లో 1967లో మొదలైన ప్రాజెక్ట్ జీరో వారి ఆలోచనా పద్ధతులు. చూడు, ఆలోచించు, ఆశ్చర్యపడు అనే మూడు మెట్ల పద్ధతి అన్నింటిలో సులువైనది. బొమ్మ చూపించి రెండు నిమిషాలు మౌనం. తర్వాత కనబడింది మాత్రమే చెప్పాలి. "ఆమె బాధగా ఉంది" అన్నది చూసింది కాదు, అనుకున్నది. "తల వంచుకుంది, చేతులు ఒడిలో ఉన్నాయి" అన్నది చూసింది. ఈ తేడాను మొదటి ఐదు నిమిషాల్లో గట్టిగా పట్టుకోకపోతే మూడు మెట్లూ కలిసిపోయి ఊరికే కబుర్లవుతాయి. బొమ్మల కోసం గూగుల్ ఆర్ట్స్ అండ్ కల్చర్, స్మిత్‌సోనియన్ లెర్నింగ్ ల్యాబ్ ఉన్నాయి. వ్యాయామ విద్యకు, సంగీతానికి ఈ స్థాయిలో చెప్పదగ్గ సైటు మాకు కనబడలేదు.

అమ్మకపు సైట్లు, నక్షత్రాలు, లైసెన్సులు

టీచర్స్ పే టీచర్స్ 2006లో ఒక టీచర్ మొదలుపెట్టిన సంత, 2023 నుంచి ఐఎక్స్ఎల్ సంస్థది. టీచర్లు తాము తయారుచేసినవి అమ్ముకుంటారు. అక్కడ నిజంగా మంచివి ఉన్నాయి, కానీ అందమైన ముఖపత్రానికి, ఐదు నక్షత్రాలకు లొంగకూడదు. నక్షత్రాలు ఇచ్చేవాళ్లు ఎక్కువగా ముద్రణ బాగుందనో, సమయం కలిసొచ్చిందనో ఇస్తారు, పిల్లలు నేర్చుకున్నారని కాదు. అమెరికాలో విద్యా విధానాలను పరిశీలించే ఫోర్డ్‌హామ్ ఇన్‌స్టిట్యూట్ 2019లో హైస్కూలు ఇంగ్లిషు పాఠాలను నిపుణులతో పరిశీలింపజేసింది. ఈ సైటు, రీడ్‌రైట్‌థింక్, షేర్ మై లెసన్, మూడింట్లోనూ బాగా డౌన్‌లోడ్ అయిన 300కు పైగా పాఠాలు చూస్తే, 64 శాతం వాడకూడదనో, వాడటం దండగనో తేలాయి. కాబట్టి కొనేముందు నమూనా పేజీల్లో మూడు చూడండి: జవాబుల పేజీ ఉందా, ప్రశ్నల్లో ఎందుకు, ఎలా అన్నవి ఎన్ని, ఒక ప్రశ్నైనా పిల్లల తప్పును బయటపెట్టేలా ఉందా. సాధారణంగా ఆ కొనుగోలు ఒక్క టీచర్ వాడకానికే, సహోద్యోగులకు పంచే హక్కు రాదు.

ఓఈఆర్ కామన్స్ 2007 నుంచి ఉన్న ఉచిత వనరుల గ్రంథాలయం. చాలావరకు ఇతర సైట్లకు దారి చూపిస్తుంది, అందుకే చచ్చిపోయిన లింకులు తగులుతూ ఉంటాయి. కానీ ప్రతిదాని పక్కనా లైసెన్సు స్పష్టంగా కనిపిస్తుంది, లైసెన్సుతో వడపోయవచ్చు కూడా. తెలుగులోకి మార్చుకునేవారు దీన్ని పట్టించుకోవాలి. ఒక రచనను ఇతరులు ఎలా వాడుకోవచ్చో చెప్పే క్రియేటివ్ కామన్స్ గుర్తుల్లో సీసీ బీవై అంటే పేరు చెప్పి మార్చుకోవచ్చు, అనువదించి పంచుకోవచ్చు. ఎస్ఏ చేరితే మీ అనువాదాన్నీ అదే షరతుతో పంచాలి. ఎన్‌సీ అంటే వ్యాపారానికి వాడకూడదు. ఎన్‌డీ ఉంటే మార్చినదాన్ని పంచకూడదు, అనువాదమూ మార్పు కిందికే వస్తుంది. ఎంతో శ్రమపడి అనువదించాక చివర ఎన్‌డీ కనబడితే ఆ పని అందరికీ పంచే దారి మూసుకుపోయినట్టే, అందుకే మొదట చూడాల్సింది అదే.

ఏఐ చాట్ సాధనాలను "ఫలానా పాఠానికి ప్లాన్ రాయి" అని అడిగితే మొదట్లో చెప్పిన ఆ అచ్చే తిరిగి వస్తుంది. వాటిని వేరే పనికి వాడాలి. "ఈ ప్రశ్నకు పిల్లలు ఇవ్వగల నాలుగు తప్పు జవాబులు, ఒక్కోదాని వెనక ఆలోచన రాయి" అంటే పనికొచ్చేవి రెండైనా దొరుకుతాయి. ఒకే లెక్కకు అంకెలు మార్చి పది రూపాలు రాయించుకోవచ్చు, కానీ పదీ చేత్తో చేసి చూడాలి, జవాబులు తప్పే అవకాశం ఉంది. తెలుగులో రాయిస్తే పారిభాషిక పదాలు పాఠ్యపుస్తకంతో కలవకపోవచ్చు. పుస్తకంలోని పది పదాలు ముందే ఇచ్చి, ఇవే వాడు అని చెబితే ఆ బాధ చాలావరకు తీరుతుంది.

వెతికే మాటలు, గడియారం

సెర్చ్ పెట్టెలో అధ్యాయం పేరు, లెసన్ ప్లాన్ అని కొడితే నాసిరకమే పైకి తేలుతుంది. భావన పేరు పక్కన మిస్‌కన్సెప్షన్స్ అనో, డయాగ్నొస్టిక్ క్వశ్చన్ అనో, టీచర్ నోట్స్ అనో ఇంగ్లిషులో చేర్చండి. ఫలితాల తీరే మారిపోతుంది. సైట్ అన్న ఇంగ్లిషు మాట, కోలన్, ఖాళీ లేకుండా ఆ సైటు చిరునామా రాస్తే ఆ ఒక్క సైటులోనే వెతుకుతుంది. సైటు సొంత వెతుకు పెట్టె కంటే ఇది చాలాసార్లు మెరుగు.

దొరికినదాన్ని ముందుగా పిల్లల షీటు మీద టీచరే చేసి చూడాలి, గడియారం పెట్టుకుని. టీచర్‌కి 6 నిమిషాలు పడితే తరగతికి 18 నుంచి 20 అని లెక్కేసుకోండి. 45 నిమిషాల పీరియడ్‌లో హాజరు, గ్రూపులు, కాగితాల పంపకం కలిసి 7 నిమిషాలు పోతాయి. చివర 5 నిమిషాలు ఆ పాఠం మీద ఒకటి రెండు ప్రశ్నలకు చీటీల మీద జవాబులు రాయించడానికి. మిగిలింది 33. అందులో అలాంటి పని ఒక్కటే పడుతుంది, రెండు కాదు. సమయం చాలదనిపిస్తే మధ్యలోని అభ్యాసాల్లో కొన్ని తీసేయండి, చివరి చీటీని మాత్రం తీయకండి. 0.45, 0.8 ఒక జత, 0.62, 0.3 ఒక జత రాసి ఇచ్చిన చీటీలను బడి వదిలాక మూడు కట్టలు చేయడానికి నాలుగు నిమిషాలు పడుతుంది. మర్నాడు ఏ బల్ల దగ్గర ఏ ప్రశ్నతో మొదలుపెట్టాలో ఆ కట్టల్లోనే ఉంటుంది.